నేల మీద నుంచి అందే పిలుపు: పర్లాకిమిడిలో ఒక కేసు

ఈ కేసులో పేషెంటుకు 76 ఏళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. కొడుకు బెంగళూరులో, కూతురు విశాఖపట్నంలో ఉంటారు. ఆవిడ మాత్రం ఆంధ్రా సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, కాపురానికి వచ్చిన ఇంట్లోనే ఒక్కరే ఉంటున్నారు. పిల్లలు ఎన్నిసార్లు రమ్మన్నా కదల్లేదు. నేను ఫిజియోథెరపిస్టును, ఇళ్ళకు వెళ్ళి చూస్తాను. ఆవిడ ఒప్పుకున్నాకే, పిల్లలకు చెప్పే ఇది రాస్తున్నాను. పేరు, వీధి రాయను. నేను మామ్మగారూ అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

నన్ను పిలిపించింది తుంటి ఆపరేషన్ అయ్యాక నడిపించడానికి. ఆపరేషన్ జరిగి మూడో వారం. వాకర్ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా నాలుగు అడుగులు వేయించాను. మళ్ళీ కూర్చోబెట్టగానే ఆవిడ అడిగిన మొదటి మాట కాలి గురించి కాదు. "మళ్ళీ పడితే ఎవులొస్తారు డాక్టరమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎముక అతుక్కుంటుందని చెప్పగలను, కండకు బలం వస్తుందని చెప్పగలను. ఎవరొస్తారో చెప్పలేకపోయాను. తరువాతి ఏడు నెలల్లో మేం చేసిన పనిలో సగం ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఆ రాత్రి

జనవరి నెల. రాత్రి రెండున్నర ప్రాంతంలో మూత్రానికి లేచారు. మా ఊరి పాత వీధుల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు ఇక చెప్పనక్కర్లేదు. వెడల్పు తక్కువ, పొడవు చాలా ఎక్కువ. ముందు అరుగు, ముందుగది, దాని వెనక ఒకటొకటిగా గదులు, వంటిల్లు, ఆ తరువాత పెరడు, నుయ్యి, పెరటి చివర బాత్రూము. రెండు పక్కలా గోడలు పొరుగువాళ్ళతో ఉమ్మడి. వీధి గుమ్మం నుంచి బాత్రూము గడప దాకా తరువాత నేను టేపు పెట్టి కొలిచాను, 74 అడుగులు వచ్చింది.

బాత్రూములో నీళ్ళున్న సిమెంటు నేల మీద ఎడమ కాలు జారింది. ఎడమ పక్కకు పడ్డారు. లేవబోతే కాలు రాలేదు. ఫోను ముందుగదిలో, కిటికీ పక్కన చార్జింగులో ఉంది. సిగ్నల్ బాగా అందేది అక్కడే కాబట్టి ఎప్పుడూ అక్కడే పెడతారు. కేకలు వేశారు. చలికాలం, అందరి తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. కొంతసేపటికి గొంతు పోయింది. వయసు మీద పడ్డాక, నోరు ఎండిపోయాక గొంతు ఎంత త్వరగా పోతుందో మనం ఊహించలేం.

ఎనిమిదికి పనమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. లోపల గడియ ఉంది, పలుకు లేదు. గుడికి వెళ్ళి ఉంటారనుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి తప్పు కాదు. కార్తీకం వెళ్ళినా మామ్మగారు పొద్దున్నే గుడికి వెళ్ళే మనిషే. కానీ గడియ లోపలి నుంచి పడి ఉందన్న సంగతి ఆ నిమిషంలో ఆమెకు తట్టలేదు. తొమ్మిదింటికి కొడుకు ఫోను చేశాడు. మళ్ళీ పది నిమిషాలకు చేశాడు. "మోగుతుంటే వినబడతంది. వాడే అని తెలుస్తంది. చెయ్యి చాస్తే అందేది కాదు కదా" అని మామ్మగారు నాతో రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ అదే మాటల్లో.

పదిన్నరకు పనమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి అనుమానం వచ్చి పక్కింటి కోడలిని పిలిచింది. ఆ ఇంటి కుర్రాడు పెరటి గోడ దూకి చూశాడు. అంటే ఎనిమిది గంటలు.

ఎడమ కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంది. తుంటి దగ్గర తొడ ఎముక విరిగితే చాలామందిలో కనిపించే గుర్తు అది. కంగారులో ముగ్గురు పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. అలా చేయకూడదు. కాలు కదలకుండా దుప్పటి మీదో బల్ల మీదో పడుకోబెట్టే తీసుకెళ్ళాలి. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, అక్కడి నుంచి విశాఖ తీసుకెళ్ళారు. మూడో రోజు ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు.

మూడు రోజులు ఎందుకు ఆగాల్సి వచ్చిందన్నది ఈ కేసులో ముఖ్యమైన విషయం. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. గంటల తరబడి ఒకే పక్క మీద, గట్టి నేల మీద ఉండిపోతే ఒత్తుకుపోయిన కండ చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. నీళ్ళు తాగకపోవడం దానికి తోడవుతుంది. ముందు సెలైన్లు ఎక్కించి కిడ్నీలను దారికి తెచ్చాకే మత్తు ఇచ్చారు. ఎడమ పిర్ర మీద, మడమ మీద ఒత్తిడి పుండ్లు మొదలయ్యాయి. మడమ పుండు మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఆ పాదానికి సరైన చెప్పు లేక నడక వెనకబడింది. ఎముక విరగడం ఒక క్షణంలో అయిపోయింది. మిగతా బాధంతా నేల మీద గడిచిన ఆ ఎనిమిది గంటలు తెచ్చిపెట్టిందే. ఆ భాగాన్ని మనం తగ్గించగలం, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇంటిని కింద నుంచి చూశాను

రెండో విజిట్‌లో బాత్రూము నేల ఆరబెట్టించి, మామ్మగారు పడ్డ చోట అదే పక్కకు నేను పడుకున్నాను. ఎడమ కాలు కదపకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను. పక్కింటి కోడలు గడప దగ్గర నిలబడి చూస్తోంది. అక్కడి నుంచి పైకి చూస్తే లైటు స్విచ్చి నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంది. తలుపు గడియ మూడున్నర. బకెట్టు, మగ్గు, చీపురు, సబ్బుపెట్టె గూడు, వీటిలో నా చేతికి అందింది మగ్గు ఒక్కటే, అదీ ప్లాస్టిక్‌ది. దానితో నేలను కొట్టాను. పక్కింటి పెరట్లో నిలబడ్డ అత్తగారికి వినబడలేదు. నిలబడి ఉన్నప్పుడు ఇల్లంతా చేతికందే దూరంలోనే ఉన్నట్టు ఉంటుంది. పడ్డాక నేల నుంచి జానెడు, మహా అయితే రెండు జానలు, అంతవరకే మన లోకం. ఈ పని ఏ ఇంట్లోనైనా ఎవరైనా చేయవచ్చు. పెద్దవాళ్ళను పడుకోబెట్టవద్దు, మీరే పడుకుని చూడండి.

పడకుండా చేయాల్సినవి కూడా చేశాం, అవి అందరికీ తెలిసినవే కనుక క్లుప్తంగా చెబుతాను. రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ, పెరటి దారిలో చిన్న లైటు, గోడకు పట్టుకునే రాడ్, జారని చెప్పు. పడుకున్నప్పుడు 150 ఉన్న బీపీ లేచి నిలబడితే 122కు పడిపోతోంది. 20కి మించి పడితే కళ్ళు తిరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ రీడింగులు రాసి డాక్టరుగారికి పంపాను, ఆయన మాత్రల వేళలు మార్చారు. కానీ ఎన్ని చేసినా మళ్ళీ పడరని నేను మాట ఇవ్వలేను.

వాచీతో నెల

కొడుకు బెంగళూరు నుంచి పడితే తనంతట తాను గుర్తుపట్టి ఫోను చేసే వాచీ తెచ్చాడు. తల్లి కోసం ఎంత ఖర్చయినా పెట్టే కొడుకు. ఆ వాచీ మంచిదే. ఈ ఇంటికి మాత్రం పనికిరాలేదు. అది బ్లూటూత్ మీద ఫోనుతో ముడిపడి పనిచేసే రకం. బ్లూటూత్ మామూలుగా 10 మీటర్ల దాకా, మధ్యలో గోడలుంటే అంతకన్నా తక్కువ అందుతుంది. మా 74 అడుగులు 22 మీటర్లకు పైనే, మధ్యలో నాలుగు పాతకాలపు మందపాటి గోడలు. పెరట్లోకి వెళ్ళగానే వాచీకి ఫోను అందదు. పైగా రోజూ చార్జింగ్ పెట్టాలి. ఆవిడ పెట్టేది రాత్రి, పడుకునే ముందు. అంటే పడే అవకాశం ఎక్కువున్న వేళకే అది చేతికి ఉండదు. స్నానానికి తీసేవారు, పూజకు తీసేవారు. నెల తరువాత బీరువాలో పెట్టేశారు.

తరువాత మెడలో వేసుకునే గుడ్డ సంచిలో కీప్యాడ్ ఫోను. ఇది కొంత నయం, ఇప్పటికీ వాడుతున్నారు. 2016 నాటి కేంద్ర నిబంధన ప్రకారం కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్ ఫోన్లలో పవర్ బటన్ మూడుసార్లు గబగబా నొక్కితే అత్యవసర నంబరు 112కు కాల్ వెళ్ళాలి. కానీ మన చేతిలో ఉన్న ఫోనులో ఏం జరుగుతుందో చూసుకోవాలి. మామ్మగారిది పాత ఫోను, 5 నొక్కి పడితే స్పీడ్ డయల్ అడిగింది. అందుకని 2 మీద పక్కింటి నంబరు, 3 మీద పనమ్మాయిది, 4 మీద కొడుకుది పెట్టాం. కొడుకును మొదట పెట్టకపోవడానికి కారణం ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. బెంగళూరు నుంచి ఆయన చేయగలిగేది మళ్ళీ పక్కింటికి ఫోను చేయడమే.

ఇక సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. ఫోను టవర్లకు ఆ గీత తెలియదు. మా వైపు ఇళ్ళల్లో ఫోను ఒక్కోసారి ఆంధ్రా టవరును పట్టుకుంటుంది, అప్పుడు 108 కాల్ అటు కంట్రోల్ రూముకు వెళ్ళవచ్చు. 108 రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అందుకని కాల్ కలవగానే చెప్పే మొదటి మాట "ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి" అని ఉండాలని, వీధి పేరు, దగ్గరి గుర్తు ఆ తరువాతేనని నేర్పాను. అటు ఒడియా మాట్లాడేవాళ్ళు ఎత్తితే ఏం చెప్పాలో కూడా అనుకున్నాం. మామ్మగారికి బజారు ఒడియా బాగానే వచ్చు. కానీ నొప్పిలో, భయంలో నోటికి వచ్చేది పుట్టిన భాషే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ఈ మాట ఒప్పుకోకపోతే ఎలా? అందుకని రెండే వాక్యాలు పాటలా బట్టీ పట్టించాను: "ము పొడి జాయిచి. ఉఠి పారునాహి." పడిపోయాను, లేవలేకపోతున్నాను. ఎక్సర్‌సైజు చేస్తూ కాలు ఎత్తినప్పుడల్లా ఒకటి, దించినప్పుడల్లా ఒకటి అనేవారు.

14567 నంబరు గురించి కూడా కూతురు అడిగింది. అది పెద్దవాళ్ళ సమస్యలకు, సలహాలకు ఉన్న ఎల్డర్‌లైన్. 2021 అక్టోబరు 1న దేశమంతటికీ వచ్చింది. పింఛను, వేధింపులు, దిక్కులేనివాళ్ళను చేర్చడం లాంటి వాటికి మంచి నంబరు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకే పనిచేస్తుంది. పడినప్పుడు చేయాల్సింది 108, లేదా 112.

బెల్లు

అసలు పని చేసింది కరెంటు సామాన్ల షాపులో దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్లు. వీధి గుమ్మానికి పెట్టుకునేదే. నొక్కే బటన్లు మూడు, మోగే పెట్టె ఒకటి తీసుకున్నాం. మోగేది పక్కింటి వంటింట్లో, మన గోడకు ఆనుకుని పెట్టించాం. బటన్లలో ఒకటి మంచం కోడుకు, ఒకటి వంటింట్లో, ఒకటి బాత్రూములో. మూడూ నేల నుంచి జానెడు ఎత్తున. బాత్రూము దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన గట్టి నైలాన్ తాడు కట్టాం. తాడు కొస నేలను తాకుతూ ఉంటుంది, లాగితే ఒక చెక్క బద్ద బటన్ మీద పడుతుంది. ఆ బద్ద బిగించింది మా వీధి వడ్రంగి. నాలుగుసార్లు మార్చి మార్చి చేశాడు. మొదటిది చీపురు తగిలినా మోగేది, రెండోది ముసలి చేతి బలానికి కదల్లేదు. మళ్ళీ నేను నేల మీద పడుకుని, ఎడమ చేతి రెండు వేళ్ళతో లాగి మోగాకే సరే అన్నాను.

మోగే పెట్టె కరెంటుది కాకుండా బ్యాటరీది తీసుకోమని పట్టుబట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మా జిల్లాలో కరెంటూ లేదు, ఫోనూ లేదు, ఆ రోజులు ఎవరం మరచిపోలేదు. అదే కారణంతో మూడు చోట్లా ఒక స్టీలు పళ్ళెం, గరిటె, ఒక విజిల్, చిన్న నీళ్ళ సీసా, పాత దుప్పటి ఉన్న సంచి కూడా నేలకు దగ్గరగా తగిలించాం. మూడు దెబ్బలు, ఆగడం, మళ్ళీ మూడు దెబ్బలు. కేక కన్నా ఇది దూరం వెళ్తుంది, గొంతు మిగులుతుంది.

అన్నీ బిగించి, అందరం ఒకసారి మోగించి చూసి సంతోషించాం. వారం తరువాత వెళ్ళి అడిగితే మామ్మగారు ఒక్కసారీ నొక్కలేదు. రాత్రి మంచం దిగబోయి కింద కూలబడి, ముప్పావుగంట సేపు అక్కడే కూర్చుని, మంచం పట్టె పట్టుకుని ఎలాగో లేచారట. బటన్ పక్కనే ఉంది. ఎందుకు నొక్కలేదంటే, "పసిగుంట ఉన్న ఇల్లు. అర్ధరాత్రి లేపమంటావా?" అన్నారు.

నాకు చాలా బాధేసింది, కానీ ఆశ్చర్యం వేయలేదు. 2008లో కేంబ్రిడ్జి పరిశోధకులు 90 దాటినవాళ్ళను ఏడాది పాటు గమనించి రాసిన వ్యాసం నా మనసులో ఎప్పుడూ ఉంటుంది. పడిన 66 మందిలో 53 మంది కనీసం ఒక్కసారైనా సాయం లేకుండా లేవలేకపోయారు, 20 మంది గంటకు పైగా నేల మీదే ఉండిపోయారు. వాళ్ళలో చాలామందికి పిలిచే అలారం ఉంది. ఎక్కువసేపు పడి ఉన్న సందర్భాల్లో ఎక్కువసార్లు దాన్ని వాడలేదు. ఎక్కడి కేంబ్రిడ్జి, ఎక్కడి పర్లాకిమిడి, కానీ ఇంకొకరిని ఇబ్బంది పెట్టకూడదన్న మొహమాటం ఒకటే. ఈ మొహమాటాన్ని మందలిస్తే పోదు. నొక్కడానికి ఒక మర్యాదైన కారణం ఇవ్వాలి.

పక్కింటి కోడలే దారి చూపింది. ఆమెది ఒడియా కుటుంబం, మామ్మగారిని మావుసి, అంటే పిన్ని, అని పిలుస్తుంది. "మావుసి, రోజూ పొద్దున లేవగానే ఒకసారి కొట్టండి. అది విని నేను పాలు పొయ్యి మీద పెడతాను" అంది. అప్పటి నుంచి పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి పడుకునే ముందు ఒకసారి. ఒకసారి మోగితే బాగున్నాను అని అర్థం. మూడుసార్లు మోగితే రమ్మని అర్థం. ఆరున్నర దాకా మోగకపోతే కూడా రమ్మనే అర్థం.

ఆ చివరి నియమం ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. స్పృహ తప్పినవాళ్ళు, పక్షవాతం వచ్చి చెయ్యి ఆడనివాళ్ళు బటన్ నొక్కలేరు. మోగకపోవడమే కబురైతే వాళ్ళు కూడా పిలిచినట్టే. బ్యాటరీ అయిపోయినా పొద్దున్నే తెలిసిపోతుంది. రోజూ నొక్కే చేతికి పడ్డ రోజు నొక్కడం కొత్తగా ఉండదు. రాత్రి పదింటికి పడి పలకలేని స్థితిలో ఉంటే ఇప్పటికీ ఎనిమిది గంటల పైనే పోతాయి, అది నిజం. నడిరాత్రి ఒక ఫోను పెట్టుకుందామంటే మామ్మగారు ఒప్పుకోలేదు, నిద్ర ఆవిడది.

తలుపు

ఎంత పిలిచినా తలుపు తెరుచుకోకపోతే ఏం లాభం? పెరటి గోడ దూకే కుర్రాడు ఎప్పుడూ ఇంట్లో ఉండడు. లోపలి గడియ తీసేద్దామంటే మామ్మగారికి దొంగల భయం. ఈ ఒక్క విషయం మీద మూడు వారాలు పట్టింది. చివరికి కూతురు వచ్చి కూర్చుని మాట్లాడాక, బయటి నుంచి తాళంచెవితో తెరిచే లాక్ వేయించారు. పాత గడియ చెక్క అలాగే ఉంది, రాత్రి పెట్టకూడదని ఒప్పందం. తాళంచెవులు మూడు: పక్కింట్లో ఒకటి, పనమ్మాయి దగ్గర ఒకటి, మామ్మగారి దగ్గర ఒకటి. బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించాం. లోపలికి తెరుచుకునే తలుపైతే పడ్డ మనిషి దానికే అడ్డం పడి ఉంటారు.

తప్పిన రోజులు

రెండో నెలలో పక్కింటివాళ్ళు బరంపురం పెళ్ళికి వెళ్ళారు. రెండు రోజులు బెల్లు ఖాళీ ఇంట్లో మోగింది. నాతో సహా ఎవరికీ ఆలోచన రాలేదు. అది నా లోపం, ప్లానులో మొదటి రోజే ఉండాల్సిన మాట. వెంటనే ఎదురింట్లో రెండో పెట్టె పెట్టాం. ఇప్పుడు ఊరికి వెళ్ళేవాళ్ళు పనమ్మాయికి ముందుగా చెబుతారు.

నాలుగో నెలలో ఒక పొద్దున మామ్మగారు నొక్కడం మరచి మడి కట్టుకుని పూజలో కూర్చున్నారు. ఆరున్నరకు కోడలు తాళం తీసుకుని, తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మామ్మగారు నొచ్చుకున్నారు. ఆమె మాత్రం "బాగుంది మావుసి, తలుపు తెరుచుకుంటోందని తెలిసింది" అని వెళ్ళిపోయిందట.

ఎముక అతికిందని ఎక్స్‌రే చూశాకే నేల మీద నుంచి లేవడం నేర్పాను. పక్కకు దొర్లడం, మోచేతి మీదకు, మోకాళ్ళ మీదకు, పాకుతూ కుర్చీ దాకా, చేతులు కుర్చీ మీద పెట్టి బలమున్న కుడి పాదం ముందుకు. దెబ్బ గట్టిగా తగిలిందనిపిస్తే, కాలు కదిపితే ప్రాణం పోతున్నట్టుంటే లేవబోకూడదు, తాడు లాగి దుప్పటి కప్పుకుని ఆగాలి. ఈ రెండోదే ఎక్కువసార్లు చెప్పాను.

ఏడో నెలలో, మధ్యాహ్నం నాలుగింటికి వంటింట్లో పీట తగిలి పడ్డారు. మూడుసార్లు నొక్కారు. కోడలు నాలుగు నిమిషాల్లో లోపలికి వచ్చింది, లేపలేదు, ముందు రెండు పాదాలూ సమంగా ఉన్నాయా చూసింది, నాకు ఫోను చేసింది. మోచేయి గీరుకుపోయింది, అంతే. మొదట్లో మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి వాకర్‌తో 41 సెకన్లు పట్టేది, ఇప్పుడు చేతికర్రతో 17. 12 దాటితే పడే అవకాశం ఉన్నట్టే లెక్క, కనుక తాళ్ళూ బెల్లులూ అలాగే ఉంటాయి.

ఈమధ్య పక్కింటి అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి. పగలు కోడలు పనికి వెళ్తే ఆవిడా ఒక్కరే. వాళ్ళు కూడా ఒక సెట్టు కొన్నారు, మోగే పెట్టె మామ్మగారి మంచం తలాపున పెట్టారు. మొన్న నేను పొద్దున్నే వెళ్ళాను. మామ్మగారు కుర్చీలో కూర్చుని గడియారం కేసి చూస్తున్నారు. ఆరు దాటి పదినిమిషాలైంది. నేను బీపీ మిషన్ పట్టీ చుట్టబోతే చెయ్యి ఎత్తి ఆగమన్నారు. పెట్టె ఒకసారి మోగింది.

"లేచింది" అని చెయ్యి చాపారు.